ఎస్తేరమ్మ టీచరు వేసిన కొసరు

ఎవరింట్లోనైనా నీలగిరి తైలం వాసన తగిలితే నేను మాట మధ్యలోనే ఆగిపోతాను. మదనపల్లెలో ఎస్తేరమ్మ టీచరు కిటికీ ముందు, ఎండకు కాగిన రాయి మీద మళ్లీ కూర్చున్నట్టే ఉంటుంది. లోపల మంచం మీద దగ్గుకు ఆ తైలం రాసుకున్న ఆమె, బయట రాయి మీద నేను, మధ్య వాకిలంత దూరం.

ఆమె మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పేది. క్షయకు మందు దొరకని నలభైల నాటి మాట. జబ్బని తెలియగానే బడి మానేసి, ఊరి చివర ఒంటిగదిలో చేరింది. ఎక్కువ మాట్లాడితే ఊపిరితిత్తులు తట్టుకోవని డాక్టరు చెప్పాడు. నేను పుంగనూరు గాజుల అంగడి వాళ్ల పిల్లను, మదనపల్లెలో అత్త ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. ఇంగ్లీషులో తప్పితే అంగట్లో కూర్చోబెడతానని నాయన ముందే తేల్చేశాడు. అందుకే సిగ్గు విడిచి ఆమె కిటికీ దగ్గరికి పోయాను.

ఒకరోజు రిస్క్, ఎండేంజర్, జెపర్డైజ్, ఎక్స్‌పోజ్ అని వరసగా చెప్పింది. “అన్నీ అపాయమే కదా టీచరమ్మా, ఒకటి కొంటే చాలదా?” అన్నాను.

ఆమె నవ్వింది. నవ్వు దగ్గయి, చాలాసేపటికి తెరిపి ఇచ్చింది. “అన్నీ గాజులేనని మీ నాయన ఒకే ధరకిస్తాడామ్మే? నీది నువ్వు తెలిసి పందెం కాస్తే రిస్క్. ఇంకొకరి ప్రాణం మీదికి తెస్తే ఎండేంజర్. చేతికొచ్చేదాన్ని చెడగొట్టుకునే పని చేస్తే జెపర్డైజ్. కాపాడే కప్పు తీసేసి ఎండకో జబ్బుకో వదిలేస్తే ఎక్స్‌పోజ్.”

అంత చెప్పేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది. ఆ రోజుతో నా బేరం తలకిందులైంది. ఏ అంగట్లోనూ కొసరు వేయించుకోకుండా కదలనిదాన్ని, ఆ కిటికీ ముందు మాత్రం తక్కువ ఇమ్మని గీసిగీసి అడిగేదాన్ని.

“ఈ పొద్దుకు రెండు మాటలు చాలు టీచరమ్మా, ఇంటికాడ పనుండాది.”

“నాలుగు.”

“రెండున్నర.”

“అరమాట యాడ దొరుకుతాదమ్మే,” అని నాలుగూ చెప్పి, పైన ఒకటి కొసరు వేసేది. అంగడి వాళ్ల పరువు నా చేతుల్లోనే పోయింది.

ఒకసారి దగ్గు తెర వచ్చి ఆమె చేతిలోని చెంబు జారింది. నేను గుమ్మం దాకా పరిగెత్తాను.

“ఆడే నిలబడు.” అంత గట్టిగా ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

“నాకోసం ఊపిరి ఖర్చు పెడతాండారే, నేను చెంబెత్తి ఇయ్యకూడదా?”

“నా ఊపిరి నాది, రిస్క్ చేసుకుంటాను. నిన్ను ఎండేంజర్ చేసే హక్కు నాకు యాడుండాది? పోయి రాయి మీద కూర్చో.”

పోయి కూర్చున్నాను. వంగి ఆ చెంబు అందుకోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

పరీక్షకు ముందే వాళ్లన్న వచ్చి ఆమెను కుప్పం తీసుకుపోయాడు. పాసయ్యానని చెప్పడానికి నేను కుప్పం పోతే, ఆయన నన్ను సమాధుల తోటకు తీసుకుపోయాడు. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. నేను అలవాటు చొప్పున వాకిలంత దూరంలో ఆగిపోయాను.

“దగ్గరికి రామ్మా. ఇంకేం కాదులే,” అన్నాడాయన.

తర్వాత నేనూ టీచరునయ్యాను. ఆ నాలుగు మాటలూ ఎందరికో చెప్పాను. మూడింటికి మా అంగడి నుంచే ఉదాహరణలు తెచ్చి పిల్లల్ని నవ్విస్తాను. ఎండేంజర్ దగ్గర మాత్రం అర్థం ఒక్కటే చెబుతాను. ఉదాహరణ అడిగితే పుస్తకంలో చూసుకోమంటాను.