యోనా ఎంతసేపు చేప కడుపులో ఉన్నాడు?

ఏం జరిగినా దానికో బైబిలు కథ చెప్పడం, ఆ కథలోంచి ఎవరూ కలలో కూడా ఊహించని నీతి లాగడం మా మామయ్య జబ్బు. జబ్బని ఎందుకంటున్నానంటే, దానికి మందు లేదు గనక.

ఆయన లాగే నీతి చర్చిలో చెప్పే రకం కాదు. మా నాన్న వీధి తలుపుకు తాళం వేసి, నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి తాళం లాగి చూసే మనిషి. "బావా, లోతు భార్య వెనక్కి తిరిగి చూసి ఉప్పుస్తంభమైంది. నీతేమిటి? తాళం ఒక్కసారే లాగాలి," అన్నాడు మామయ్య. గుంపులో ప్రభువు కనబడక చెట్టెక్కిన జక్కయ్య కథలో నీతి: పొట్టివాళ్ళు సభకు పెందలాడే వెళ్ళి ముందు వరసలో కూర్చోవాలి. నోవహు కథలో నీతి: చేతిలో పని ఉన్నప్పుడు పక్కింటివాళ్ళ సలహా వినకూడదు.

నేను యూనివర్సిటీలో తర్కశాస్త్రం వెలగబెట్టినవాణ్ణి. నీతిబోధ చెవిన పడితే ఒళ్ళు మండుతుంది.

"మామయ్యా, దేవుడు లోకమంతా ముంచేసింది పక్కింటివాళ్ళ గురించి చెప్పడానికా?"

"పెద్ద సంగతులు పెద్దవాళ్ళు చూసుకుంటారురా అల్లుడూ. నాకు పనికొచ్చే ముక్క నేను తెచ్చుకున్నాను."

ఆయన వృత్తి కట్టుడు పళ్ళు చేయడం. కింద పళ్ళ డాక్టరు గారి క్లినిక్, మేడమీద మామయ్య ల్యాబు. ఇరుకు గది. బల్ల మీద సున్నంలా తెల్లటి దవడ అచ్చులు, స్పిరిటు దీపం, గులాబీరంగు మైనం పలకలు. ఆ అచ్చులన్నీ నోళ్ళు తెరిచి మామయ్య కథలు వింటున్నట్టే ఉంటాయి. పాపం, వాటికి లేచిపోయే వీల్లేదు. "సమ్సోను గాడిద దవడతో వెయ్యిమందిని కొట్టాడు. ఎలా? దవడ గట్టిదనా? కాదు, చేతికి పట్టు కుదిరింది! పళ్ళ సెట్టయినా అంతే," అని ఆ గదిలో ఆయన చెప్పని రోజు లేదు.

నీతినైనా భరించవచ్చు గానీ, కథ నిడివిని భరించలేం. అదే నోవహు ఒకరోజు ఐదు నిమిషాల్లో ఒడ్డుకు చేరతాడు, ఇంకోరోజు గంటన్నరైనా నీళ్ళమీదే తేలుతుంటాడు. నేను తర్కం పేపరులోనే తప్పిన సాయంత్రం నాన్న నన్ను దులిపెయ్యడానికి గుమ్మంలో కాసుకుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే మామయ్య వచ్చి కుర్చీ లాక్కున్నాడు. "బావా, నోవహు ఓడలోకి ముందు ఏనుగులు ఎక్కాయి. జంట. తర్వాత ఒంటెలు. జంట..." ముంగిసల దాకా వచ్చేసరికి నాన్నకు రెండో షిఫ్టు టైమైంది. నత్తల జంట ఓడ గుమ్మం చేరేలోపు వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక "ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదువు" అని ఊరుకున్నాడు. నేను మాత్రం ఆ నత్తలను ఎక్కించినందుకు మామయ్యను నెలరోజులు తిట్టుకున్నాను. చదువుకున్నవాడి తెలివి అలాగే ఉంటుంది.

తర్వాత కొన్నాళ్ళకు మా చెల్లి పళ్ళు చేసే కోర్సు చదివి, మామయ్య ల్యాబులోనే ఉద్యోగంలో చేరింది. మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు డాక్టరు గారు. రెండో నెలలో రెండు పొరపాట్లు జరిగాయి. "పెద్దాయనా, మీ మేనకోడలని ఊరుకున్నాను. ఇంకొక్కటి జరిగితే అమ్మాయిని ఇంటికి పంపించెయ్యాల్సిందే," అన్నారు. ఆ రోజు నుంచి చెల్లికి అన్నం సయించలేదు. ఆ పని కోసం అది ఇంట్లో ఎన్ని యుద్ధాలు చేసిందో నాకు తెలుసు.

మూడో నెల ఆఖరి వారంలో ఒక సాయంత్రం దాన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి ల్యాబుకు వెళ్ళాను. కింద ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారు కూర్చుని ఉన్నారు. ఆవిడకు పై వరస పళ్ళు ఆ పూట నోట్లో పెట్టి చూడాలి. ఇంకా మైనంలో గుచ్చిన పళ్ళే. కుదిరితేనే గట్టి సెట్టు తయారుచేస్తారు.

ఆ పళ్ళున్న పెట్టె మూత వేయబోతూ మామయ్య ఆగాడు. "తల్లీ, డాక్టరు గారి చీటీ చదివావా?"

చెల్లి చీటీ చూసి పాలిపోయింది. ముందు రెండు పళ్ళ మధ్య సందు ఉండాలని అందులో రాసి ఉంది. ఆవిడ సొంత పళ్ళకు చిన్నప్పటి నుంచీ ఉన్న సందు అది. అది లేకపోతే అద్దంలో ఎవరో పరాయి మనిషి కనిపిస్తుందని ఆవిడ పట్టుబట్టి రాయించుకున్నారట. పాత అచ్చులో ఆ సందు చూసి, లోపమనుకుని, మా చెల్లి ఎంతో శ్రద్ధగా దాన్ని పూడ్చేసింది!

మెట్లమీద డాక్టరు గారి చెప్పుల చప్పుడు.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాడు మామయ్య.

"ఇరవై నిమిషాలు మామయ్యా," అంది చెల్లి ఏడుపు గొంతుతో.

"అయితే యోనా," అని మామయ్య గుమ్మానికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.

"పెద్దాయనా, పెట్టె ఇటివ్వండి. ఆవిడ కూర్చుని ఉన్నారు."

"ఇస్తాను బాబూ. కూర్చోబెట్టడమంటే గుర్తొచ్చింది. దేవుడు యోనాను ఎంతసేపు కూర్చోబెట్టాడో తెలుసా, చేప కడుపులో? మూడు రోజులు!"

"తెలుసు."

"మొదటి రోజు ఉదయం ఏం చేశాడో తెలుసా?"

అది ఎవరికీ తెలియదు, రాసినవాడికి కూడా. మామయ్య మొదలెట్టాడు. యోనా తడిబట్టలు పిండుకున్నాడు. ఆరేయడానికి పక్కటెముక వెతుక్కున్నాడు. నేను వీపు మొత్తం అడ్డుపెట్టి బల్లను కప్పేశాను. వెనక చెల్లి కత్తి కాచి, మైనం మెత్తబరిచి, పన్ను జరుపుతోంది. పన్ను జారి బల్ల కిందికి దొర్లింది. మామయ్య చెవి ఇటే ఉంది. యోనాకు వెంటనే జలుబు చేసింది.

"అది ఏ రకం చేపంటారు?" అన్నారు డాక్టరు గారు.

మామయ్య మొహం వెలిగిపోయింది. చేప వంశచరిత్ర ఐదు నిమిషాలు నడిచింది. చెల్లి మైనాన్ని చన్నీళ్ళలో ముంచి, తుడిచి, పెట్టెలో పెట్టి నా చేతికిచ్చింది. నేను మామయ్యకు అందించాను. యోనా అప్పటికి రెండో రోజు మధ్యాహ్నంలో ఉన్నాడు.

"ఇదిగో పెట్టె," అన్నాడు మామయ్య.

"మరి యోనా?"

"వచ్చేశాడు బాబూ, బయటికి వచ్చేశాడు."

నీతి లేకుండా ముగిసిన కథ నా జీవితంలో అదొక్కటే. డాక్టరు గారు పెట్టెతో కిందికి దిగాక, పావుగంట ముగ్గురం మెట్లకేసి చెవులొగ్గి నిలబడ్డాం. కింద నుంచి నవ్వు వినిపించింది, ఖంగుమని, స్కూలంతా వినిపించే గొంతు. "ఇదిగో, నేనే!" అంటున్నారు హెడ్మిస్ట్రెస్ గారు. చెల్లి స్టూలు మీద కూలబడింది.

దారిలో చెల్లి అంది, "నీకిప్పుడు తెలిసిందా అన్నయ్యా? చిన్న తప్పుకు జక్కయ్య, పెద్ద తప్పుకు నోవహు. మనం తేరుకోవడానికి ఎంతసేపు కావాలో కథ అంతసేపు."

నాకు నత్తలు గుర్తొచ్చాయి. సిగ్గేసింది.

మర్నాడు నేనూ ల్యాబులో ఉండగానే చెల్లి ఉండబట్టలేక డాక్టరు గారికి నిజం చెప్పేసింది. ఆయన నవ్వారు. "తెలుసమ్మా. గుమ్మం దాకా వేడి మైనం వాసన వస్తుంటే తెలియదా? తప్పు నా దాకా రాకముందే దిద్దావు, అడక్కముందే చెప్పావు. నాకు కావలసింది అదే. ఒకటో తారీఖు నుంచి ఖాయంగా రా."

మామయ్య మొహం మాత్రం చిన్నబోయింది. "అయితే బాబూ, మీరు నిన్న కథ విననేలేదా?"

"అయ్యో, విన్నాను పెద్దాయనా! మిగతాది చెప్పండి, అందుకే పైకొచ్చాను," అని డాక్టరు గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు.

మామయ్య గదంతా కలయజూశాడు. చెల్లి పని చక్కగా సాగుతోంది. తర్కం పేపరు నేనెప్పుడో పాసైపోయాను. తప్పు చేసినవాళ్ళెవరూ కనిపించకపోయేసరికి, యోనా రెండు నిమిషాల్లో ఒడ్డున పడి, దేవుడు వెళ్ళమన్న నీనెవె పట్నం చేరిపోయాడు.