సింహాద్రి పేరు మీద పడ్డ పద్దులు

ఐదేళ్లుగా ఒక మాటని గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. చేపముల్లయితే అన్నం ముద్దతో దిగిపోయేది. ఇది నాతోపాటే అన్నం తింటోంది, టీ తాగుతోంది, అపార్టుమెంటు సంఘం మీటింగుకి వచ్చి నా పక్కనే కుర్చీ వేసుకుంటోంది. అక్కడ నేను కోశాధికారిని. లెక్కల్లో నిప్పు అని పేరు. నిప్పే. ఎవరిని కాల్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక.

మాది గోదావరి జిల్లా. ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగం నన్ను తెచ్చి గాజువాకలో పడేసింది, పెళ్లి ఇక్కడే పాతేసింది. మా ఆవిడ ఈ ఊరి మనిషి. ఆవిడ తమ్ముడు సింహాద్రి, అద్దెకి తీసుకున్న షేర్ ఆటో నడుపుతాడు. ఏడేళ్ల కిందట స్కూటర్ మీంచి పడి నా కాలు విరిగింది. మంచం దిగని ఆ మూడు నెలలూ మా ఇంటికి కాళ్లు అతనే. మందులు, ఎక్స్‌రేలు, కూరలు, గ్యాసు బండ, అన్నీ మోశాడు. నా ఏటీఎం కార్డు అతని చేతికిచ్చాను, రహస్య నంబరుతో సహా. జంక్షన్ దగ్గరి మిషన్లో డబ్బు తీసేవాడు, మిషన్ ఇచ్చిన చీటీ తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. నేను దాన్ని మందుల డబ్బాలో పడేసేవాణ్ణి.

ఊరికే పడుకోలేక, ఇంటి ఖర్చులు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి కంప్యూటర్లో పెట్టుకున్నాను. బ్యాంకు సైటులోంచి నెలనెలా స్టేట్‌మెంటు దింపుకోవడం, ఆ ఫైలుని దీనికి తినిపించడం. అది వరసలన్నీ పేర్చి ఒక్కొక్కటీ అడుగుతుంది: ఇది ఏ పద్దు? పాలా, కరెంటా, మందులా? బ్యాంకువాళ్ల రాత ముందు డాక్టర్ల రాతే నయం. ఏటీఎం, ఏవో పది అంకెలు, గాజువాక. మళ్లీ అదే. మొదటి నాలుగైదింటికి ఓపిగ్గా ‘సింహాద్రి’ అని కొట్టాను, తెచ్చేది అతనే కదా అని. అప్పుడది ఎంతో మర్యాదగా అడిగింది: ఇకమీదట ఇలాంటివన్నీ ఈ పద్దులోనే వేసేయమంటారా?

వేసేయమన్నాను. ఒక్క నొక్కు.

కాలు అతుక్కుంది. కార్డు తిరిగొచ్చింది. ఆ తర్వాత అదే మిషన్లో నేనే డబ్బు తీసుకుంటూ వచ్చాను. ఫైలు తినిపించడం మానలేదు గానీ, వరసలు చదవడం మానేశాను. అది అడగడం మానేసింది మరి.

ఏడాది తిరిగాక మొత్తం ఖర్చుని బొమ్మ గీసి చూపించమన్నాను. గుండ్రంగా, రంగురంగుల ముక్కలతో వచ్చింది. అన్నిటికంటే పెద్ద ముక్క మీద సింహాద్రి పేరుంది. హాస్పిటల్ బిల్లులూ మందుల బిల్లులూ కూడితే అందులో మూడోవంతు రాలేదు. మిగతాది ఏమైంది? ఆ ప్రశ్న నన్ను నేను అడగవలసింది.

ఆ వారమే సింహాద్రి వచ్చాడు. సొంత ఆటో కొనుక్కుంటాడట. ఫైనాన్సు కాయితాల మీద నా ష్యూరిటీ సంతకం కావాలి. నేను పెన్ను తీయలేదు. కంప్యూటర్ తెరని అతని వైపు తిప్పాను.

“ఇదేటి బావా, పుట్టినరోజు కేకా?” అని నవ్వాడు.

“నీ ముక్క చూడు. మందులకి అయింది తీసేస్తే ఇంత మిగిలింది. ఇదెక్కడికి పోయింది?”

నవ్వు ఆగిపోయింది. “నాను తిన్నానంతావేటి? తీసిన పెతీసారీ సీటీ నీ సేతిలో ఎట్టినాను గదా. అయ్యి సూసినావా?”

“చీటీలెందుకు? ఇది బ్యాంకు లెక్క. బ్యాంకు అబద్ధం చెప్తుందా?”

వంటింటి గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. అతను అక్క వైపు చూశాడు. అక్క తెర వైపు చూసింది.

“సర్లే బావా,” అన్నాడు కాయితాలు మడుచుకుంటూ. “సదువుకున్నోడివి. మిసను నీ మాటే ఇంటాది.”

అతనికి తెలియకుండానే నిజం చెప్పాడు. బ్యాంకుకి ఎంత తీశారో తెలుసు, ఎవరు తీశారో తెలియదు. ఆ పేరు రాసింది నేను.

మరో ఏడాదికి కంప్యూటర్ మార్చాను. పాత ఫైళ్లు ఎక్కిస్తుంటే, నేను ఎప్పుడెప్పుడు ఏ ఆజ్ఞలిచ్చానో ఆ సాఫ్ట్‌వేర్ జాబితా తీసి చూపించింది. మొదటి వరసే అది: గాజువాక ఏటీఎం అంటే సింహాద్రి. లేచి మందుల డబ్బా వెతికాను. చీటీల మీద అక్షరాలు వెలిసిపోయాయి గానీ కాయితాలు ఉన్నాయి. లెక్కపెట్టాను. పంతొమ్మిది. అతని పద్దులో అరవైకి పైగా ఉన్నాయి. మిగతావి ఎవరివో చెప్పాలా? నా క్లబ్బు, నా పేకాట, నా బిర్యానీలు.

జాబితాలో ఆ వరస చెరిపేశాను. బొమ్మ సర్దుకుంది. లెక్కలు సరిచేశాను, మనిషిని లెక్కచేయలేదు.

ఎందుకు చెప్పలేదు? మొదట, సమయం చూసి చెబుదామనుకున్నాను. తర్వాత, మానుతున్న పుండుని కెలకడం ఎందుకన్నాను, ఆ పుండు నాది కాదు గనక. ఆ రోజు మా ఆవిడ తమ్ముణ్ణి కాదని నా తెరని నమ్మింది, ఇప్పుడు నిజం చెబితే ఆవిడ ఏమైపోతుందని కూడా అనుకున్నాను, అది ఎంత ఉదాత్తంగా వినిపించిందంటే కొన్నాళ్లు నేనే నమ్మాను. అసలు సంగతి చిన్నది. నిప్పు అన్నవాళ్లు బూడిద అంటారని భయం.

ఒకసారి కావాలనే అతని ఆటో ఎక్కాను. దిగేటప్పుడు వంద ఇచ్చి, ఉంచుకోమన్నాను. ఎనభై లెక్కపెట్టి నా జేబులో పెట్టి, గేరు వేశాడు. ఆ ఆటో ఇప్పటికీ అద్దెదే.

ఒప్పుకుంటూ ఉత్తరం రాద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ ‘సాఫ్ట్‌వేర్ పొరపాటు వల్ల’ అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయేవాణ్ణి. ఇవాళ ఆ మాట లేకుండా రాస్తున్నాను. సింహాద్రి నా డబ్బు ఒక్క రూపాయి ముట్టలేదు. చీటీలు చూడమన్నాడు, చూడలేదు. నేనే అతన్ని దొంగని చేశాను. తప్పని తెలిశాక కూడా ఐదేళ్లు అలాగే ఉంచాను.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, మీ చేతుల్లో లేదు. కానీ ఆ వాక్యాలు పూర్తయ్యాయి. ఊపిరి సాఫీగా ఆడుతోంది.