మెలికలు విప్పిన కేబుల్

2009లో వానలు వెనకపట్టు పట్టాక నన్ను సబ్ డివిజనల్ ఇంజనీరుగా భివండీకి బదిలీ చేశారు. టెలిఫోన్ శాఖలో ఆ హోదా అంటే పైవాళ్ళ చీవాట్లూ కిందివాళ్ళ సాకులూ వచ్చి కలిసే చోటు. పట్టణం చుట్టూ ఉన్న పల్లెలకు బ్రాడ్‌బ్యాండ్ ప్రణాళిక వేయడం నాకు అప్పగించిన పని. డబ్బు గ్రామీణ సేవల నిధి నుంచి వస్తుంది. ఎక్స్ఛేంజిలో పెట్టే పరికరాలకూ మోడెములకూ అందులో కేటాయింపు ఉంది. కేబుల్ మాత్రం ఉన్నదే వాడుకోవాలి. అది పరీక్షలో నెగ్గకపోతే ఆ పల్లె పేరు కొట్టేసి, డబ్బు మరో తాలూకాకు మళ్ళిస్తారు.

మొదట తీసుకున్నది, భివండీని ఆనుకుని ఉన్న నాగావ్ దాటాక వచ్చే ఒక పల్లె. పట్టణంలో జాగా చాలక సాంచాలు, అంటే మరమగ్గాలు, అప్పటికే అక్కడిదాకా పాకాయి. నడిపేవాళ్ళలో చాలామంది ఉత్తర తెలంగాణ నుంచి వచ్చిన మనవాళ్ళే. వాళ్ళలో సత్తయ్య అనే ఆయన బ్రాడ్‌బ్యాండ్ వస్తోందని వినగానే తన రెండు సాంచాలూ అమ్మేసి, ఆ షెడ్డులోనే కంప్యూటర్ల గది పెట్టాడు. చీర అంచుల డిజైన్లు ముంబయి వ్యాపారులకు అక్కడి నుంచే పంపాలనీ, ఊరి పిల్లల దరఖాస్తులు నింపిపెట్టాలనీ ఆయన ఆలోచన. కంప్యూటర్లకు కుంకుమ పెట్టి, గుడ్డ కప్పి, లైను కోసం ఎదురుచూస్తున్నాడు. మా శాఖ మాట నమ్మి బతుకుతెరువు అమ్ముకున్నవాణ్ణి నేను అంతకుముందు ఎరగను.

పరీక్ష మొదలుపెడితే అంతా అయోమయంగా ఉంది. ఫోన్లో మాట బాగానే వినపడుతోంది. మోడెం తగిలిస్తే మాత్రం నిలవడం లేదు. కేబుల్లో తీగలు జంటలుగా ఉంటాయి. ప్రతి జంటలోని రెండు తీగలనూ ఒకదానితో ఒకటి మెలివేసి ఉంచుతారు. పక్క జంటల సొద లోపలికి రాకుండా ఆపేది ఆ మెలికే. మాటకు అది కొంత చెడినా ఫరవాలేదు గానీ బ్రాడ్‌బ్యాండ్ ఓర్చుకోదు. ఎక్కడో మెలిక చెడిందని అనుమానించి రోడ్డు వెంట తవ్వించాను.

గుంతలోకి దిగి చూశాను. కేబుల్ పైతొడుగు బారెడు పొడవున ఒలిచేసి ఉంది. లోపలి జంటలన్నీ విప్పి, ఒక్కో తీగనూ తిన్నగా సాగదీసి, వెదురుబద్దల మీద, మగ్గానికి ఎక్కించే పడుగులా పరిచారు. రంగుకు రంగు కలిపి అతికారు. ప్రతి అతుకుకూ మైనం పూసి, పైన సాంచా బెల్టు ముక్క చుట్టారు. దొంగలు కోసిన కేబుళ్ళు చూశాను, పందికొక్కులు కొరికినవీ చూశాను. ఇంత శ్రద్ధగా పాడుచేసినది ఎన్నడూ చూడలేదు. కాస్త అవతల తవ్విస్తే అక్కడా అదే. ఆ అవతలా అదే.

ఇదెవరి పని అని అరిచాను. గుంత గట్టున నిలబడ్డ సత్తయ్య భార్య లచ్చవ్వ, తామిద్దరమే చేశామని నవ్వుతూ చెప్పింది. వానలకు ముందు నీళ్ళ పైపు కోసం ఓ కాంట్రాక్టరు రోడ్డు తవ్వించినప్పుడు కేబుల్ చాలాచోట్ల తెగిందట. కేబుల్ అతికే ఉద్యోగిని మేము జాయింటర్ అంటాం. సబ్ డివిజన్ మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. ఎన్నిసార్లు కబురు పెట్టినా రాలేదట. ఊళ్ళో ఫోన్లన్నీ మూగబోయాయి. పడుగు అతకడం తమకు చేతనైన పనే కదా అని మొగుడూ పెళ్ళాం గుంతలో కూర్చుని అతికారు.

"మెలిక వడ్డ పోగు సాంచ మీద తెగుతది సార్. గందుకే ఒక్కొక్కటి ఇప్పి సాపు జేసినం," అన్నాడు సత్తయ్య, మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూస్తూ.

ఆ మెలికే కావలసిందని నేను చెప్పాక లచ్చవ్వ గుంతలోకి దిగి, సాపుగా ఉన్న రెండు తీగల్ని వేళ్ళతో మెలివేయబోయింది.

ఇక నా నివేదిక. కేబుల్ పాతబడి చెడిందని రాస్తే పరీక్షలో ఓడినట్టే, పల్లె పోతుంది. బయటివాళ్ళు చెయ్యి పెట్టారని రాస్తే వేరే పద్దు కింద కొత్త కేబుల్ వస్తుంది గానీ, ఎవరో పేరు రాయాలి, పోలీసు ఫిర్యాదు ఇవ్వాలి. కోసిన కాంట్రాక్టరు పేరు రాద్దామంటే ఆధారం లేదు. కేబుల్ కోసిన సంగతి అప్పుడే రాసిపెట్టాల్సిన జాయింటర్, తాను తీరిగ్గా వచ్చేసరికి ఫోన్లు మోగుతున్నాయి కాబట్టి లోపమేమీ లేదని రాసి చేతులు దులుపుకుని పోయాడు. ఇదంతా సత్తయ్యకు చెప్పాను.

"నా పేరే రాయుండ్రి సార్. లైను మాత్రం వాపస్ పోనియ్యకుండ్రి," అన్నాడు.

కేసు, స్టేషను, కోర్టు అని విడమర్చి చెప్పినా అదే మాట. చివరికి ఆయన పేరే రాశాను.

కొత్త కేబుల్ వచ్చింది. ఊళ్ళో బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది. సత్తయ్య దరఖాస్తు మాత్రం పై ఆఫీసు నుంచి తిరిగొచ్చింది. శాఖ ఆస్తికి నష్టం చేసిన కేసు తేలేదాకా ఆ మనిషికి గానీ, ఆ చిరునామాకు గానీ కొత్త సౌకర్యం ఇవ్వరాదట. పైకి రాశాను, స్వయంగా వెళ్ళి బతిమాలాను. ఎవరి మనసూ కరగలేదు. కంప్యూటర్లను అదే గల్లీలో కనెక్షన్ వచ్చిన మరొకాయన కొనుక్కున్నాడు. సత్తయ్య, తాను అమ్మిన సాంచాల మీదే కూలికి కుదిరాడు. ఎదురుపడితే నమస్కారం పెట్టి, లైను మంచిగ నడుస్తుంది సార్ అనేవాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, జాయింటర్ జీతానికి పద్దు లేని ఏ ప్రణాళిక మీదా నేను సంతకం పెట్టలేదు. తెగిన తీగను అతకడానికి మనిషిని పెట్టకపోతే, ఊళ్ళో మంచివాడెవడో ఆ పనికి పూనుకుంటాడు. శిక్ష కూడా అతనికే పడుతుంది.