అత్తమ్మ కాల్చిన డైటు రొట్టెలు

ఉప్పల్‌లో మా ఆఫీసు వాళ్లు ఏటా చేయించే ఆరోగ్య పరీక్షల్లో ఒకసారి డాక్టరు నా కాగితాలు చూసి, ఎనిమిది కిలోలు తగ్గాలన్నారు. నలభై రెండేళ్లలో నా ఒంటి గురించి అంత సూటిగా మాట్లాడిన మనిషి ఆయనే. ఆ సాయంత్రమే నాచారంలో దిగి ఓట్సు, రాగిపిండి, జొన్నపిండి, ఏవేవో గింజలు సంచీ నిండా కొన్నాను. కొనగానే సగం బరువు తగ్గినట్టనిపించింది.

ఇంటికొచ్చాక మా అత్తమ్మ ఆ సంచీలోవి ఒక్కొక్కటే తీసి చూసింది. ఆవిడది జనగామ వైపు పల్లె. నాది కృష్ణా జిల్లా, మూడు పూటలా అన్నం తిని పెరిగినదాన్ని. జొన్నపిండి పొట్లం విప్పి ఆవిడ చిటికెడు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"బియ్యం దొరకక గీ రొట్టెలు తిన్నం మేము. బియ్యం మస్తుగ ఉండి మీరు తింటున్నరు," అంది. కోడలు చిక్కిపోతే అత్త తిండి పెట్టడం లేదని గల్లీలో అనుకుంటారని కూడా బెంగపడింది.

మొదటి వారం ఓట్సుతో గడిపాను. రెండో వారం జొన్నరొట్టెలకి దిగాను గానీ, నేను తడితే అంచులు పగిలి పెనం మీదే ముక్కలయ్యేవి. అత్తమ్మ నన్ను పొయ్యి దగ్గర్నుంచి పక్కకి జరిపి ఆ పని తను తీసుకుంది. ఆవిడ రొట్టెలు దూదిలా ఉండేవి. ఆఫీసులో డబ్బా మూత తీస్తే పక్క సీటావిడ వాసనకి ఇటు తిరిగేది. డైటింగ్ ఇంత సుఖమని తెలియక ఇన్నాళ్లూ భయపడ్డానని ఆవిడకి చెప్పాను, సలహాలు కూడా ఇచ్చాను.

నెల తర్వాత తూకం మిషను ఎక్కితే కిలోన్నర పెరిగాను. మిషను జరిపి వేరే బండ మీద పెట్టి, చెవుల కమ్మలు తీసేసి మళ్లీ ఎక్కాను. అంతే చూపించింది.

మర్నాడు పొద్దున నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లేసరికి అత్తమ్మ రొట్టెకి రెండు వైపులా నెయ్యి రాస్తోంది. రాయడం కాదు, పోయడమే. పక్కన నా రాగిజావలో మీగడ తేలుతోంది. నన్ను చూసి కూడా గిన్నె దాచలేదు. ఎందుకిలా చేశారని అడిగాను.

"నువ్వు ఓట్సు తిన్న వారం యాది జేసుకో, బిడ్డా. నా కొడుకు మీద కసిరినవు, నా మనుమరాలి మీద కసిరినవు, పాలాయన మీద గూడ కసిరినవు. నెయ్యి ఏసిన సంది ఇల్లు సల్లగున్నది."

కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. పాలాయన సంగతి నిజమే మరి.

చివరికి ఇద్దరం ఒక మాట మీదికి వచ్చాం. నెయ్యి ఒక్క చెంచా. పొద్దున్నే కాలనీ పార్కులో నడక. నేను కళ్లు తిరిగి పడిపోతే పట్టుకోవడానికని ఆవిడా వస్తానంది. ఆవిడకి షుగరు, మోకాళ్ల నొప్పులు. ఎవరిని ఎవరు పట్టుకోవాలో నాకర్థం కాలేదు. తొలి రోజు రెండు చుట్లకే ఇద్దరం బెంచీ మీద కూలబడ్డాం.

నెల తిరిగేసరికి అక్కడ ఆవిడకి ఐదారుగురు దోస్తులయ్యారు. కుచ్చిళ్లు ఎగదోపుకుని, కోడళ్ల గురించి మాట్లాడుకుంటూ జోరుగా నడిచేవారు. కొత్త బూట్లేసుకుని వాళ్ల వెనకాల నేను. దగ్గరికొస్తే మాట మార్చేవారు, అందుకని మర్యాదగా దూరంగానే ఉండేదాన్ని. దూరంగా ఉండటానికి నేను పెద్దగా కష్టపడాల్సిన పని కూడా లేకపోయింది.

మరుసటి ఏడు పరీక్షలకి ఆవిడనీ వెంట తీసుకెళ్లాను. నేను మూడు కిలోలు తగ్గాను. ఆవిడ షుగరు బాగా దిగింది. డాక్టరు మెచ్చుకున్నది మాత్రం ఆవిడనే.

ఆ కార్తీకంలో కీసర శివాలయానికి వెళ్తే ఆవిడ గుట్ట మెట్లు ఆగకుండా ఎక్కేసింది, నేను రెండు చోట్ల నిలబడ్డాను. పైకి చేరాక పులిహోర దొన్నె నా చేతికిచ్చింది.

"దేవునిది. దీనికి డాక్టరు అడ్డం రాడు, తిను."

తిన్నాను. తనకి షుగరుంది కదా అని, ఆవిడ దొన్నెలోది సగం కూడా నాకే పెట్టింది.