గుమ్మిలో హన్మవ్వ చెయ్యి

కోటగిరిలో మా వాడకట్టున మట్టిపని అంటే హన్మవ్వే. పొయ్యి వేయాలన్నా, అరుగు అలకాలన్నా, వడ్లు పోసే గుమ్మికి మట్టి మెత్తాలన్నా ఆమెనే పిలిచేవారు. మేదరివాళ్ళు వెదురుతో అల్లి ఇచ్చిన గుమ్మికి పేడా మట్టీ కలిపి లోపలా బయటా పూస్తేనే గింజ నిలుస్తుంది. ఇప్పుడు వడ్లు కల్లంలోనే లారీ ఎక్కుతున్నాయి. గుమ్ములు పోయాయి, హన్మవ్వకు పేరు మిగిలింది.

ఆ పేరుకే ఎసరు పెట్టింది ముత్తవ్వ. ఆమె హన్మవ్వకు తోటికోడలు, వయసులో చిన్నది. ఇద్దరి ఇళ్ళకూ నడుమ ఒకటే గోడ.

నిజామాబాద్ అవతల గుట్టల దగ్గర ఒక మ్యూజియం ఉంది. దాని వెనక కంచె వేసి కాపాడుతున్న చిన్న అడవి. అక్కడ పాతకాలపు ఇంటి సామాన్లకు ఒక గది కడుతూ, గుమ్మి మెత్తేవాళ్ళ కోసం మ్యూజియం వాళ్ళు మా ఊరికి వచ్చారు. హన్మవ్వ చాయ్ పోసి, పని అంతా నోటితోనే చేసి చూపించింది. "మరి వస్తావా అవ్వా?" అని అడిగితే, "నాతోని యాడైతది బిడ్డా, నడుం నొస్తది" అంది.

మా దగ్గర అది కాదనడం కాదు. ఎవరు దేనికి పిలిచినా మొదట వద్దనాలి, బతిమాలితే లేవాలి. వాళ్ళు బతిమాలలేదు. దండం పెట్టి లేచారు. గోడ అవతల నుంచి ముత్తవ్వ "నేనొస్త సారూ" అంది. పోయింది, మెత్తింది. గుమ్మి పక్కన ఆమె ఫొటో, పేరు పెట్టారు.

హన్మవ్వకు అన్నం సయించలేదు. "బయట నున్నగ జేసి ఫొటో దిగింది. లోపల అలికిందో లేదో ఎవరు జూసిండ్రు?" అని కనిపించిన వాళ్ళందరితో అంది. చివరికి "నేనే జూస్త" అని నా ఆటో మాట్లాడింది. బయల్దేరేసరికి ముత్తవ్వ కూడా పట్టుచీర కట్టుకుని వచ్చి ఎక్కింది.

"పెండ్లికి వోతున్నవా?" అంది హన్మవ్వ.

"నా గుమ్మిని సూడ వోతున్న గదక్కా."

బోధన్, ఎడపల్లి, నిజామాబాద్ దాటి అక్కడికి చేరాం. మ్యూజియంలో ఆకు అచ్చు పడిన రాయి, రాతి గొడ్డళ్ళు, చెయ్యి విరిగిన విగ్రహాలు, గాజు పెట్టెల్లో గడ్డి కూరిన పక్షులు ఉన్నాయి. నేను ఆగి చూస్తుంటే హన్మవ్వ నా చొక్కా పట్టి లాగింది. "సచ్చిన పిట్టల్ని ఏం జూస్తవ్, నడువ్."

గుమ్మి ముందు నిలబడి పైనుంచి కింది దాకా చూసింది. పగులు లేదు. వేలితో కొట్టి చెవి ఒగ్గింది. గుల్ల మోత లేదు. అడుగున వడ్లు తీసే కంత ఉంది. ఆ గదికి కాపలా ఉండే కృష్ణ అటు తిరిగి ఉండటం చూసి, కూర్చుని మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టింది. తడుముతున్న కొద్దీ ఆమె ముఖం వాడిపోయింది. చెయ్యి వెనక్కి లాగితే రాలేదు. వెండి కడియం కంత అంచుకు లోపల తట్టుకుంది.

జనం మూగారు. "మంచిగ దొరికినవ్ అవ్వా" అంటూ కృష్ణ ఎక్కడి నుంచో ఇనుప రాడ్ తెచ్చాడు. "మట్టిదే గదా, అంచు జెర కొడితే అయిపాయె."

నేను హన్మవ్వనే చూస్తున్నాను. ఆమె సరే అంటే చాలు, గుమ్మి పోతుంది, తప్పు ఆమె మీదికి రాదు.

"రాడ్ తగిలిందో, నీ వీపు పల్గుతది" అంది హన్మవ్వ.

పళ్ళు బిగించి చేతిని మెల్లగా తిప్పుతూ లాగింది. కడియం చర్మాన్ని గీరుకుంటూ వచ్చింది. అంచు మట్టి పెచ్చు కూడా ఊడలేదు. ముత్తవ్వ కొంగు తడుపుకొచ్చి ముంజేతికి చుట్టబోతే హన్మవ్వ విదిలించుకుంది.

"లోపల గూడ అద్దం లెక్క అలికినవ్. గంత లోపలికి ఎవరు సూస్తరని?" అంది కోపంగా.

"నువ్వు సూస్తవని" అంది ముత్తవ్వ.

జింకలను, నెమళ్ళను చూద్దామని ముత్తవ్వ అడవి దారి పట్టింది. హన్మవ్వ వెళ్ళలేదు. తిరిగి వచ్చేటప్పుడు ముత్తవ్వ పక్కన కూర్చోకుండా, ఇరుకైనా సరే అని నా సీటు మీదే సర్దుకుంది. మధ్యమధ్య గీరుకున్న చోట ఊదుకుంటూ, చెరుకు తోటల వైపు ముఖం తిప్పుకుని కూర్చుంది.

ఇప్పుడు వాడకట్టులో ఎవరైనా ఆ గుమ్మి సంగతి అడిగితే, హన్మవ్వ ముందు గోడ అవతలికి తొంగి చూస్తుంది. ముత్తవ్వ ఇంట్లో లేదని తెలిస్తేనే అంటుంది: "పని మంచిగనే జేసింది ముండ."