విరగని వంతెన

పిల్లలు ఆమెను వంతెన మేడం అంటారు. చాలా ఏళ్ళు ఒక కంపెనీలో వంతెనలకు నక్షలు గీసింది. ఇప్పుడు అదే కంపెనీ తరఫున బడులకూ కాలేజీలకూ వెళ్ళి, ఇంజనీరింగ్ అంటే ఏమిటో చూపిస్తుంది. ఐస్‌క్రీం పుల్లలతో కట్టిన మూరెడు వంతెనను ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంటే, పక్క సీటు చాలాసేపు ఖాళీగానే ఉంటుంది.

శనివారాలు ఆఫీసు వెనక గదిలో, ఆసక్తి ఉన్న పిల్లలకు పాఠం. ఆమె తలుపు తీసి పెడుతుంది. ఎండ గుమ్మం దాటి, బల్ల కిందికి వచ్చి, కాసేపు కూర్చుని వెళ్ళిపోతుంది. ఈ శనివారమూ ఎవరూ రాకపోతే గదిలో పాత సామాను పెట్టుకుంటామని మేనేజరు మర్యాదగానే చెప్పాడు. చెల్లెలికి ఫోన్లో ఆ మర్యాద కూడా లేదు. "ఆ పుల్లల వంతెన మీద ఇక నువ్వొక్కదానివే నడవాలక్కా," అంది.

ఆ వారం ఒక కాలేజీలో పిల్లల చేత వంతెన మీద ఇటుకలు పెట్టించింది. ఎక్కడ విరుగుతుందో చూసి, ఎందుకు విరిగిందో చెప్పడమే పాఠం. అది విరగలేదు. కట్టేటప్పుడు, పాత అలవాటు ఊరుకోక, బలహీనంగా కనిపించిన ప్రతిచోటా ఒక ఏటవాలు పుల్ల అతికించేసింది మరి. ఇటుకలు అయిపోయాయి. పిల్లలు బ్యాగులు కూడా పెట్టి చూశారు, ఆ తర్వాత ఫోన్లు చూసుకున్నారు.

"విరగనిదాన్ని చూసి మేమేం నేర్చుకోవాలి మేడం?" అని చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి అడిగింది. అందరూ నవ్వారు. బెల్లు మోగింది. శనివారం పాఠం చిరునామా బోర్డు మీద రాసి ఆమె వచ్చేసింది.

శుక్రవారం ఆమె ఇంకో వంతెన కట్టింది. చెయ్యి అదనపు పుల్ల కోసం వెళ్ళినప్పుడల్లా వెనక్కి లాక్కుంది. స్వెట్టర్ వేయకుండా బిడ్డను చలిలోకి పంపుతున్నట్టు అనిపించింది.

శనివారం మధ్యాహ్నం దాటినా ఎవరూ రాలేదు. చివరికి తనే ఇటుకలు పేర్చింది. కొన్ని ఇటుకలకే వంతెన నడుము టప్పున విరిగింది. ఎంత అందంగా విరిగిందో చూపించడానికి ఎవరూ లేక, విరిగిన ముక్కను చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"అయ్యో, నేను రాకముందే విరగ్గొట్టేశారా?"

గుమ్మంలో ఆ చివరి బెంచీ అమ్మాయి. తప్పు బస్సెక్కి ఊరంతా తిరిగొచ్చానని సణిగింది.

"మళ్ళీ కడదాం. ఉంటావా?" ఆ మాట అనుకున్నదానికన్నా మెల్లగా వచ్చింది.

"ఉంటాను. కానీ ఎక్కడ విరగాలో నేను చెబుతాను. మిమ్మల్ని నమ్మలేం మేడం."

ఆమె రెండో కుర్చీ మీది ఇటుకలు తీసి కింద పెట్టింది.

"చెప్పు," అంది.