ఎక్కడికని అడిగిన అవ్వ

థాయిలాండ్‌ల బండలెక్కాలని భూపాలపల్లిల కూసొని నేను, శ్రీనన్న ఏడాదంతా ప్లాన్ చేసుకున్నం. తీరా అక్కడ మొదటి పొద్దున తాళ్లు భుజానేసుకొని బయల్దేరంగనే, గల్లీల అరటిపండ్లమ్మే అవ్వ నవ్వుకుంట వచ్చీరాని ఇంగ్లిష్‌ల అడిగింది: "ఎక్కడికి పోతున్నరు?"

నా మనసు చివుక్కుమంది. బండ ఎక్కబోయేటోళ్లను గట్ల అడుగుతే ఇంకేమన్న ఉంటదా?

"అడగనే అడిగింది. జరసేపు కూసొని, నీళ్లు తాగి పోదాం," అన్నడు శ్రీనన్న.

ఆమె ముందరనే మొఖాలు మాడ్చుకొని కూసున్నం. జవాబియ్యలే.

సాయంత్రం ఈ సంగతి చెప్తే మా గైడ్ నవ్విండు. "మా దగ్గర అది పలకరింపు. మీరు బాగున్నరా అంటరు గదా, గట్ల."

మర్నాడు కావాలనే ఆమె ముందర ఆగిన. అవ్వ తలెత్తి చూసి, మళ్ల పండ్లు సర్దుకుంది.

ఎక్కడికని అడగలే.